ముల్లంగి మడి

ఆ పొద్దున ఆకాశం నిండా పొగా మంచూ కలిసిపోయి ఉన్నాయి. సూర్యుడు వచ్చాడో లేదో తెలియలేదు. ఏడయినా రైల్వే యార్డు దీపాలు ఆర్పలేదు. మాఘమాసంలో బిలాస్‌పూర్ ఇంతే. బొగ్గు ఇంజన్లు తగ్గిపోయాయని అందరూ అంటారు గాని, ఆ సంగతి ఆకాశానికి ఇంకా అందినట్టు లేదు.

రైల్వే కాలనీలో పన్నెండో లైను చివరి క్వార్టరు పెరటి గుమ్మంలో నీలవేణి కూతురి నడుము పట్టుకుని వంగి ఉంది. నాలుగేళ్ళ భానుప్రియ రెండుసార్లు ఓకరించి, మూడోసారి కక్కింది. పసుపు నీళ్ళతో పాటు జానెడు పొడుగున, వానపాము లాంటిది గచ్చు మీద పడింది. పడి కదిలింది.

పిల్ల ఏడవలేదు. దానివంక చూసి, ఎవరో చుట్టం వచ్చినట్టు, "అమ్మా, మళ్ళీ వచ్చింది" అంది.

నీలవేణి పొయ్యిలోంచి బూడిద తెచ్చి దాని మీద పోసింది. పోయిన హోళీకి ఒకటి పడింది. దీపావళి ముందు ఇంకోటి. అప్పుడు ఆమె కేకపెట్టింది. ఇప్పుడు పెట్టలేదు. అందుకే ఆమెకి భయం వేసింది.

మామగారు ఎర్రయ్య పెరటి మడిలోంచి వచ్చాడు. పట్టాలు బాగుచేసే గ్యాంగుకి మేటు, అంటే పెద్ద. ఆ పనిలో ముప్పై నాలుగేళ్ళు గడిచాయి, రిటైరవడానికి ఇంకొక్క ఏడు ఉంది. చేతిలో ముల్లంగి కట్ట, మోకాళ్ళదాకా మట్టి. బూడిద కుప్పని చూశాడు, పిల్లని చూశాడు.

"ఏటమ్మా ఇది? మూడోసారి."

"నీళ్ళు కాసే ఇత్తన్నాను మావా. గోళ్ళు తీత్తన్నాను. సబ్బు ఎట్టి కడుగుతన్నాను."

"అన్నీ సేత్తే ఇదెక్కణ్ణించొచ్చింది? ఆకాశంలోంచి ఊడిపడిందేటి?"

డీజిల్ షెడ్డుకి పోబోతున్న మొగుడు రాంప్రసాద్ టిఫిన్ డబ్బా పట్టుకుని ఇద్దరి మధ్యా ఒక క్షణం నిలబడ్డాడు. "డిస్పెన్సరీకి తీసుకెల్తాది లే అయ్యా" అని సైకిలెక్కాడు. ఇంట్లో మాట పెరిగేటట్టుంటే అతనికి డ్యూటీ ఎప్పుడూ ముందే మొదలవుతుంది.

డిస్పెన్సరీలో బెంచీ నిండా జనం. డాక్టరు శాంతాదేవి పిల్ల కింది రెప్ప బొటనవేలితో లాగి చూసింది.

"చూడమ్మా. ఇక్కడ ఎర్రగా ఉండాలి. సున్నం కొట్టినట్టుంది. మట్టి తింటోందా?"

"తింటాదమ్మా. ఇటిక పెళ్ళలు."

"మందు ఎన్నిసార్లివ్వను? ఇంట్లో శుభ్రం ఉంటే ఇవెందుకొస్తాయి? మందు నేనిస్తాను, చేతులు నేనొచ్చి కడగలేను కదా."

గొంతు పెంచి అనలేదు. అయినా బెంచీ మీదున్న వాళ్ళంతా విన్నారు. నీలవేణి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ఎర్రయ్య కూడా విన్నాడు. ఆమె తన చేతులు కొంగు కిందికి తీసుకుంది. బూడిదతో తోమి తోమి వేళ్ళ కొసలు తెల్లగా పగిలిన చేతులు అవి.

సాయంత్రం ఎర్రయ్య ఒక కాగితం తెచ్చి గూట్లో అద్దం కింద పెట్టాడు.

"ఆదివారానికి రైలు పాసు రాయించాను. రాయపూర్‌లో మారితే సోమారం బొబ్బిలి. భాను గుంటని అప్పయమ్మ కాడ ఒగ్గేసొత్తాను."

అప్పయమ్మ ఆయన పెద్దకూతురు. బొబ్బిలి దగ్గర పల్లెలో ఉంది.

"ఎన్నాళ్ళకి మావా?"

"ఒంటికి రకతం పట్టీదాకా. ఏడాదో, రెండో."

నీలవేణి మొగుడివైపు చూసింది. రాంప్రసాద్ చారులో వేలు పెట్టి కరివేపాకు వెతుకుతున్నాడు. చాలాసేపు వెతికాడు.

"దాన్ని ఒగ్గి నేనుండలేను" అంది నీలవేణి.

"నీకాడుండి అదేటవుతందో సూత్తన్నాం కదేటి" అన్నాడు ఎర్రయ్య. కోపంగా కాదు. పట్టా పక్కన కొలత చెప్పినట్టు చెప్పాడు. భాను తాత ఒళ్ళో కూర్చుని ఆయన మీసం కొన మెలితిప్పుతోంది. ఆ పిల్లంటే ఆయనకి ప్రాణం. ఆ సంగతి నీలవేణికి తెలుసు. తెలిసే, ఇంకా ఎదురాడలేకపోయింది.

మర్నాడు, గురువారం, నీలవేణి పిల్ల దొడ్డిని అగ్గిపెట్టెలో పెట్టి పరీక్షకి తీసుకెళ్ళింది. డిస్పెన్సరీ వెనక గదిలో కిటికీ పక్కన, పరీక్షలు చేసే రమణమూర్తి బల్ల. విజయనగరం మనిషి, ఇక్కడికొచ్చి పదిహేనేళ్ళయింది. కిటికీలోంచి వచ్చే ఎండని ఒక చిన్న అద్దంతో పట్టి సూక్ష్మదర్శిని కిందికి పంపుతాడు. బల్ల మీద అగ్గిపెట్టెలు, నశ్యం డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద పేరు రాసిన చీటీ ఉంది. వాటి మధ్య ఒక కోల్డ్‌క్రీం సీసా. దాని మీద చీటీ లేదు.

ఆయన ఒక్క కన్ను మూసి చూసి తల ఊపాడు. "ఉన్నాయమ్మా. బోలెడు."

నీలవేణి చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ నిలబడిపోయింది. ఆ నిలబడడం చూసి రమణమూర్తి జాలిపడ్డాడు.

"అందరూ నిన్నే అంటున్నారని బాధపడకు. ఇది నీ ఒక్కదాని ఇంటి సంగతి కాదు. అదిగో, ఆ సీసా చూశావా? అది ఆఫీసర్ల బంగళా నుంచి వచ్చింది. గచ్చు రెండుపూటలా తడిబట్టతో తుడుస్తారు, నీళ్ళు మరగకాచి వడపోస్తారు. అక్కడా ఇవే ఉన్నాయి. పేరడక్కు. ఎవరితోనూ అనకు."

"అన్ను బావుగారూ."

ఇంటికొచ్చి గిన్నెలు ముందేసుకుంది. పీచు తిరుగుతోంది, ఆలోచన కూడా దాంతోపాటు తిరుగుతోంది. బంగళా వాళ్ళ నీళ్ళు వేరు, మన నీళ్ళు వేరు. వాళ్ళ దొడ్డి వేరు. వాళ్ళ పిల్లలు మన పిల్లలతో ఆడరు. వాళ్ళ పనిమనిషి ఊళ్ళో తెలిపారా పేట నుంచి వస్తుంది, మన లైను తొక్కదు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య ఏం నడుస్తుంది?

పీచు ఆగింది.

ఒక్కటే నడుస్తుంది. ప్రతి ఆదివారం ఎర్రయ్య ఉతికిన చొక్కా వేసుకుని, ముల్లంగి కట్టలు పట్టుకుని డాక్టరమ్మదీ కలిపి నాలుగు బంగళాలకూ స్వయంగా ఇచ్చొస్తాడు. ఊరికే. మిగిలినవి లైనులో పంచుతాడు. "ఎర్రయ్య మూలీ" అంటే స్టేషనులో టీ కొట్టువాడికి కూడా తెలుసు. తీగలా సన్నంగా ఉండదు, మణికట్టంత లావు, చెరుకులా తీపి. బంగళాల్లో చక్రాల్లా కోసి ఉప్పూ నిమ్మకాయా పిండుకుని పచ్చివే తింటారు.

శుక్రవారం పొద్దున ఆమె పొయ్యి ముట్టించకుండా పెరటి తలుపు దగ్గర నిలబడి చూసింది. రోజూ జరిగేదే. ఇన్నాళ్ళూ చూడలేదు.

ఎర్రయ్య మడి మధ్య గొంతుక్కూర్చున్నాడు. భాను గట్టు మీద కూర్చుంది. ఆయన ఒక ముల్లంగి తలపట్టి, వేలు మట్టిలోకి గుచ్చి చుట్టూ వదులు చేసి, తుంచకుండా లాగాడు. మడి పక్కన ఆయన తవ్విన కాలవలో నీళ్ళు సన్నగా పోతున్నాయి. అందులో ముల్లంగిని ఆడించాడు, బొటనవేలితో రుద్దాడు, మళ్ళీ ఆడించాడు. మట్టంతా పోయి తెల్లగా వచ్చింది. మోకాలికేసి ఫెడేలున విరిచి సగం మనవరాలి చేతిలో పెట్టాడు. సగం తను కొరికాడు.

"తిను. రకతం పడతాది."

"తాతా, కారం."

"కారం నేదు. మంచి ముక్క, నవులు."

నీలవేణి అరవలేదు. ఆయన డ్యూటీకి పోయేదాకా ఆగి, కాలవ వెంట పైకి నడిచింది.

కాలవ చక్కగా ఉంది. రెండు పక్కలా ఇటుక ముక్కలు, పట్టా కింద కంకర పేర్చినంత నేరుగా పేర్చి ఉన్నాయి. మునగచెట్టు దాటింది, పాత ఇంజన్లకి నీళ్ళు పట్టే ఇనప స్తంభం దాటింది, పెద్ద క్వార్టర్ల వెనక్కి వెళ్ళింది. అక్కడ మరుగుదొడ్ల ట్యాంకు. మూతపలక మూల పెచ్చు ఊడి ఉంది. ఆ మూల నుంచి నీళ్ళు సన్నగా కాలవలోకి ఊరుతున్నాయి. వాసన పెద్దగా లేదు. రంగు కూడా లేదు. చుట్టూ గడ్డి మాత్రం నల్లగా, నడుమెత్తు పెరిగింది.

ఇది దాచిన సంగతేమీ కాదు. "సత్తువ నీళ్ళు" అని ఎర్రయ్యే పదిమందికీ చెప్పుకుంటాడు. ఊళ్ళో పెంట తోలినట్టే ఇదీ అనుకున్నాడు. పెంట తోలిన చేలో పండింది ఎవరు తినలేదు? ఆకుకూరైతే ఉడుకుతుంది. ముల్లంగి మట్టిలో ఉంటుంది. మట్టి కడిగితే పోతుంది. మట్టి పోయాక ఇంకేముంటుంది? లైనులో అందరి లెక్కా అదే. నిన్నటిదాకా ఆమె లెక్కా అదే.

రాంప్రసాద్ వచ్చాక చెప్పింది. అతను సైకిలు గోడకి ఆనించడం మరిచిపోయి పట్టుకునే నిలబడ్డాడు.

"ఇరవయ్యేళ్ళ మడి అది నీలా. అయ్యతో ఎవరు సెప్తారు? నువ్వా, నేనా?"

"నువ్వు సెప్పవని నాకు తెలుసు."

"అచ్ఛా, నువ్వు సెప్పు. ఆ తరవాత మనిద్దరం కూడా బొబ్బిలి పాసింజరే."

ఆమెకి నవ్వొచ్చింది. ఈ మూడు రోజుల్లో అదే మొదటిసారి. "సెప్పను. సూపిత్తాను" అంది.

శనివారం పొద్దున ఎర్రయ్య తన చేత్తో కడిగి గట్టు మీద పెట్టిన కట్టలోంచి రెండు ముల్లంగులు తీసుకుంది. కాచి చల్లార్చిన నీళ్ళలో రవ్వంత సబ్బు కలిపి, వాటిని అందులో గట్టిగా రుద్దింది. ఆ నీళ్ళు సీసాలో పోసి, గుడ్డ కట్టి డిస్పెన్సరీకి పట్టుకుపోయింది.

"ఇదేమిటమ్మా, కల్లా?" అన్నాడు రమణమూర్తి.

"ముల్లంగి కడిగిన నీల్లు. సూడండి బావుగారూ."

ఆయన ముందు నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు మానేశాడు. గంటసేపు సీసాని కదపకుండా ఉంచి, పైనీళ్ళు వంపేశాడు. అడుగున మిగిలిన మడ్డిలోంచి ఒక్క చుక్క గాజుపలక మీద వేశాడు. చూశాడు. పలక కొంచెం జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"రా. నువ్వే చూడు."

మొదట ఆమెకి తన కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. "ఊపిరి బిగబట్టు" అన్నాడాయన. బిగబట్టింది. వెలుగులో గుండ్రంగా, బెల్లం రంగులో, చుట్టూ గరుకు గరుకుగా ఒకటి. దాని పక్కన ఇంకోటి.

"అవే గుడ్లు. మీ పిల్ల దొడ్డిలో చూసినవీ ఇవే. కడిగితే మట్టి పోతుంది, ఇవి జిగురు పట్టినట్టు పట్టుకుంటాయి."

నీలవేణి కన్ను తియ్యలేదు.  తప్పు నా చేతులది కాదు, అనుకుంది. కొంగు కిందున్న చేతులు బయటికి తీసి బల్ల మీద పెట్టింది.

పన్నెండింటికి ఎర్రయ్య వచ్చాడు. పిల్లకి రైల్లోకి మందు తీసుకుందామని. కోడలు వెనక గది గుమ్మంలోంచి పిలిచింది.

"మావా, ఒక్కపాలి ఇలా రండి. ఇందులోకి సూడండి."

"ఏటది?"

"సూత్తే మీకే తెలుత్తాది."

ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. బల్ల మీదికి వంగాడు. రమణమూర్తి ఎలా చూడాలో చెప్పబోయాడు గాని అవసరం లేకపోయింది. ముప్పై నాలుగేళ్ళుగా పట్టా మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి, అర మైలు దూరంలో ఉన్న దారమంత వంపుని పట్టేసిన మనిషి. ఆ కన్ను ఒక్క క్షణంలో నిలిచింది.

"బెల్లం రంగులో ఉన్నాది. ఏటిది బావూ?"

"ఏలికపాము గుడ్డు, ఎర్రయ్యగారూ."

"గుంట దొడ్డిలోదా?"

రమణమూర్తి నీలవేణివైపు చూశాడు. ఆమే చెప్పింది.

"కాదు మావా. పొద్దున్న మీరు కాలవలో కడిగిన ముల్లంగి మీదది."

ఎర్రయ్య తల ఎత్తలేదు. మళ్ళీ చూశాడు. గాజుపలకని తనే వేలితో అటు కొంచెం, ఇటు కొంచెం జరిపాడు.  ఆయన మెడ మీద నరం ఒకటి ఉబ్బి, దిగింది.

"కాలవ నువ్వు సూసేవా?"

"సూసేను. ట్యాంకు కాడిదాకా ఎల్లేను."

"ఊఁ" అన్నాడు. తలపాగా చుట్టుకోకుండా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మందు తీసుకోలేదు.

ఆ సాయంత్రం ఆయన మడి వంక వెళ్ళలేదు. నీలవేణి పిల్ల గౌన్లు మడతపెట్టి, రేకు పెట్టెలో సర్దింది. సర్దుతూ ఆయన ఆపుతాడేమోనని ప్రతి గౌనుకీ ఆగింది. ఆయన ఆపలేదు. గోడవైపు తిరిగి బీడీ కాల్చుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే పక్కింటి బుధవారిన్ బాయి కేక వినిపించింది. "అరే, కా హోగే బబా? ఏం జరిగింది?"

నీలవేణి పెరట్లోకి పరుగెత్తింది.

మడి మధ్యలో వెదురు కర్రకి ఎర్రజెండా పాతి ఉంది. గ్యాంగులో వాళ్ళ పద్ధతి అది. ఎవరి హద్దులో పట్టా విరిగితే, ఎవరూ చెప్పకముందే, వాళ్ళే ముందు జెండా పాతాలి. దాచినవాడు ఆ తర్వాత మనిషిగా చెల్లడు. జెండా పక్కన ఎర్రయ్య డ్యూటీ ఖాకీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు. లైను జనమంతా కంచె దగ్గర చేరారు.

"అందరూ ఇనండి" అన్నాడాయన. గొంతు బొంగురుగా ఉంది. "ఈ మడిలోది ఎవరూ తినొద్దు. ఇంట్లో ఉన్నవి పారేయండి. మన గుంటలకి కడుపులో పాములు ఈ నీల్ల వల్ల వత్తన్నాయి. నేను తవ్విన కాలవే. నా తప్పే. నా కోడలు సేతులు మంచివే. కనిపెట్టింది కూడా అదే. డిస్పెన్సరీలో నా కళ్ళతో నేను సూసేను."

కంచె దగ్గర్నుంచి, రైలు పట్టాలు మార్చే పాత పాయింట్స్‌మన్ ఆదినారాయణ అన్నాడు, "ఏటి ఎర్రయ్యా, నా ఇంట్లో ముగ్గురికి ఉన్నాయి. నా పెళ్ళాన్ని రెండేళ్ళ నించి తిడతన్నాను."

"అయితే ఎల్లి కాళ్ళు పట్టుకో" అంది ఎవరో ముసలామె. కంచె అంతా నవ్వింది. నవ్వులో కొందరు ఆడవాళ్ళ కళ్ళు తడిగా ఉన్నాయి. బుధవారిన్ బాయి కంచె దాటి వచ్చి నీలవేణి చెయ్యి పట్టుకుని పైకెత్తింది, కుస్తీ గెలిచినవాడి చెయ్యి ఎత్తినట్టు.

ఎర్రయ్య ముందు వంగాడు. మొదటి ముల్లంగి ఆయనే లాగాడు. మణికట్టంత లావుంది. ఒక్కసారి చేతిలో తూచి చూసి, పక్కన తవ్విన గోతిలోకి విసిరాడు. ఆ తర్వాత చూడలేదు. వరసకి వరస లాగుతూ పోయాడు. రాంప్రసాద్ బనీను విప్పి పార పట్టాడు. లైను మగవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. గొయ్యి పూడ్చారు. ఇటుక ముక్కలు పీకారు. కాలవలో మట్టి పోసి, పట్టాల కింద కంకర దిమ్మిసా చేసేటప్పటి లాగా "జోర్ లగాకే" అంటూ తొక్కారు. ట్యాంకు పలక మూలని ఆదినారాయణ సిమెంటుతో పూశాడు.

"కొత్త మడి ఇంజను నీల్ల స్తంభం కాడ ఎత్తుదాం అయ్యా" అన్నాడు రాంప్రసాద్. "దాని కవాటం నేను బాగుసేత్తాను. ఇన్‌స్పెక్టర్ని అడిగి వత్తాను."

"నువ్వా? అడుగుతావా?"

"అడుగుతాను."

ఎర్రయ్య కొడుకుని ఎగాదిగా చూశాడు. "సరే. అడుగు."

చేతులు మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని ఆయన బంగళాల వైపు బయల్దేరాడు. ఈసారి ఉత్త చేతులతో. గంటన్నర తర్వాత వచ్చాడు.

"డాక్టరమ్మ ఏటన్నాది?" అని రాంప్రసాద్ గుమ్మంలోనే అడిగాడు.

"ముందు కుర్చీ ఏసింది."

"నువ్వు కూకున్నావా?"

"కూకున్నాను." ఎర్రయ్య కోడలివైపు తిరిగాడు. "రేపు పది గంటలకి నిన్ను రమ్మన్నాది. లైన్లన్నీ తిరగాలంట. ఎక్కడ కాలవలున్నాయో, ఏ ఇంట్లో గుంటలకి మందు పొయ్యాలో సూపించడానికి నువ్వు కావాలంట. బుధారం తను నీతో అన్నమాట తప్పని కూడా అన్నాది."

నీలవేణి గుమ్మం పట్టుకుంది.

"ఎల్తావా?"

"ఎల్తాను మావా."

ఆయన లోపలికి వెళ్ళాడు. పిల్ల రేకుపెట్టె మంచం కిందినుంచి లాగి, మూత తీశాడు. ఒక్కో గౌనూ తీసి, దులిపి, దండెం మీద వేశాడు. మోటు వేళ్ళు, చిన్న చిన్న చేతులున్న గౌన్లు. మూడో గౌను జారి పడితే తీసి మళ్ళీ దులిపాడు. గూట్లో పాసు కాగితం కొడుకు చేతిలో పెట్టి, "ఆఫీసులో తిరిగి ఇచ్చేయ్" అన్నాడు.

మధ్యాహ్నం రెండయింది. అన్నం, కందిపప్పు, ఎండు మెత్తళ్ళ పులుసు. ఆ ఇంట్లో మగవాళ్ళు తిని లేచాకే ఆడవాళ్ళు కూర్చుంటారు. నీలవేణి రెండు కంచాలు వేసి, పక్కన పిల్లకి చిన్న పళ్ళెం పెట్టింది. ఎర్రయ్య లేచి వెళ్ళి, గూట్లోంచి ఇంకో కంచం తీశాడు. తుడిచి, తన కంచం పక్కన పెట్టాడు. పీట కూడా తనే జరిపాడు. గిన్నె తన దగ్గరికి లాక్కుని ఆ కంచంలో అన్నం పెట్టాడు.

ఆమె కూర్చుంది.

పులుసు గిన్నె చేతులు మారింది. మొన్న డాక్టరమ్మ మందు పడేదాకా నాలుగు ముద్దలకి మొహం తిప్పుకునే భాను పళ్ళెం అడుగు వేలితో తుడిచి నాకి, తల్లి ముందుకి జరిపింది. నీలవేణి మళ్ళీ వడ్డించింది. పిల్ల మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ముగ్గురూ చూసి, తలలు వంచుకుని తినసాగారు.